చివరి అధ్యాయం మార్చను

సిరిసిల్ల,
20 జనవరి 2025

శంకరవ్వ అత్తకు,

నీ మొండి మేనకోడలు మమత రాస్తున్నది. ఇక్కడ బాపు, అవ్వ బాగున్నారు. బాపు దగ్గు తగ్గింది. మందమర్రిలో మీరూ బాగున్నారని, సారయ్య మామ బొగ్గుగని నుంచి రిటైరయ్యాక కూడా మొదటి షిఫ్టు టైముకే లేచి నిన్నూ లేపుతున్నాడని రవి బావ చెప్పాడు. ఫోను చేస్తే నీకు సగం వినబడదు. మెసేజి పెడితే రవి బావ చదివి నీకు చెప్పాలి, అది నీకు నచ్చదు. కాబట్టి మనిద్దరికీ కాగితమే గతి.

కథలు చదివే యాప్‌లో ఐదు నెలలుగా వారం వారం రాస్తున్న నా నవల ‘పగవాడి గడప’ పోయిన వారం పూర్తయింది. నువ్వు అడిగినట్టే మొత్తం ప్రింటు తీయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నువ్వు ఏ పుస్తకమైనా ముందు చివరి పేజీయే చదువుతావు కదా, అందుకని కథ నేనే చెప్పేస్తున్నాను.

భూమిక తల్లి ఒక ఆసామి మరమగ్గాల షెడ్డులో ఇరవై ఏళ్లుగా నూలు కండెలు చుడుతుంది. భూమిక చదువుకొని వచ్చి, ఆ మగ్గాలు, మన సాంచాలు, నడిపేవాళ్ల కూలి పెంచాలని జెండా పట్టుకుంటుంది. ఆసామి కొడుకు ప్రణయ్ షెడ్డుకు తాళం వేస్తాడు. ఆమె ఆ తాళం మీద ఇంకో తాళం వేస్తుంది. అక్కడ మొదలైన పగ నవలంతా నడిచి, ప్రేమై, పెళ్లి దాకా వస్తుంది. చివరి అధ్యాయంలో కొత్త కోడలు అత్తగారింటి ముందుకు వస్తుంది. మన దగ్గర ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, మొగుని పేరు చెప్తేనే లోపలికి రానిస్తామంటారు కదా. అప్పుడు భూమిక అంటుంది: “మీ తమ్ముని పేరు జెప్పుడెంతసేపు. ముందుగాల మీరు మా అవ్వ పేరు జెప్పుండ్రి. ఇరవై ఏండ్లు మీ షెడ్డుల కండెలు జుట్టింది.” ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రణయ్‌కూ తెలియదు. వాళ్లకు ఆమె ‘కండెలామె’, అంతే. భూమిక గడప మీద కూర్చుంటుంది. ప్రణయ్ పెళ్లిబట్టల మీదే ఆ పేరు అడిగి రావడానికి అత్తగారి వాడకు బయలుదేరుతాడు. అక్కడితో నవల అయిపోతుంది.

ఇక చూడు తిట్లు. జగిత్యాల నుంచి ఒకాయన “ఐదు నెలలు మమ్ముల కూసోబెట్టి, ఆఖరికి ఆమెను గడప మీద కూసోబెట్టినవా” అని రాశాడు. ధర్మపురి నుంచి ఒకావిడ గొంతు రికార్డు చేసి పంపింది: “గడప మీద కూసుంటరామ్మా, మా నర్సింహస్వామి గడప మీద ఏం జేసిండో ఎరుకలేదా.” ఒకతను ‘హీరో పాపం’ అని రోజూ రాస్తున్నాడు. భూమికకు పొగరన్న వాళ్లకైతే లెక్కలేదు. నిర్మల్ నుంచి ఒక అమ్మాయి మాత్రం, “మా అవ్వ బొమ్మలకు రంగులేస్తది. బొమ్మ కింద దుకాణం పేరుంటది, మా అవ్వ పేరుండది” అని రాసి ఊరుకున్నది. ఆ ఒక్క మాట చాలు నాకు.

కరీంనగర్‌లో ఓంప్రకాశ్ అని పుస్తకాలు అచ్చేసే ఆయన ఈ నవల వేస్తానన్నాడు. షరతు ఒక్కటే. భూమికను లోపలికి పంపాలట. “అమ్మా, ప్రేమ కథ చదివెటోడు పెండ్లి భోజనం తిని పోవాలె. నువ్వు ఇస్తరి ముందల కూసోబెట్టి వడ్డించకుండ లేపుతున్నవ్” అన్నాడు. మార్చనని చెప్పి వచ్చాను. ఆయన ఇంకా వదల్లేదు, ఆలోచించుకోమన్నాడు.

నాకు నీ మాట కావాలి. సెలవులకు వచ్చినప్పుడల్లా అద్దెకు తెచ్చిన నవలలు దిండు కింద పెట్టి నాకు చదువు రుచి చూపించింది నువ్వే. దాచకుండా రాయి.

తిట్లు తిని బలిసిన నీ కోడలు,
మమత

*

మందమర్రి,
9 ఫిబ్రవరి 2025

మొండి కోడలికి,

నీ కాగితాల కట్ట అందింది. నువ్వు కథ ముందే చెప్పి నా సరదా చెడగొట్టావు. చివరి పేజీ నేను చదివి తెలుసుకోవాలి కాని, రాసినవాళ్లు చెప్పకూడదు.

నేను ఒక్కదాన్నే చదవలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చొని పైకి చదివాను, మా క్వార్టర్ల లైనంతా వచ్చింది. లింగమూర్తి భార్య ప్రణయ్‌కు పూర్తిగా పడిపోయింది. వాడు షెడ్డులో భూమికకు గొడుగు ఇచ్చే చోట మూడు సార్లు చదివించుకున్నది. కుమార్ తల్లి మాత్రం వాణ్ని ముందు నుంచీ చీపురుతో కొట్టాలనే అంటున్నది. “తాళం ఏసినోడు తాళి గట్టుడేంది, గా పిల్లకు సిగ్గుండద్దా” అని ఆమె గొడవ. చివరి అధ్యాయం అయ్యాక ఇద్దరికీ మాటలు లేవు. వాడు పేరు కనుక్కొని తిరిగి వస్తాడని ఒకామె, దారిలో దోస్తులు కలిస్తే మర్చిపోతాడని ఇంకొకామె. నీళ్ల ట్యాంకు పక్క క్వార్టరామె ఈ పంచాయితీ వింటూ అన్నం మాడ్చింది. మీ మామ ఇదంతా ఆడవాళ్ల సోది, తాను వినలేదు అంటాడు. కాని నేను చదివేటప్పుడు టీవీ గొంతు తగ్గించాడు. నాకు చెవులు సరిగా లేకపోయినా, టీవీ మీద ఆ గీత తగ్గడం కళ్లకు కనబడుతుంది కదా.

ఇప్పుడు నా ఫిర్యాదు విను. నీ నవలలో ప్రణయ్ తల్లి పొద్దస్తమానం సోంపు నములుతూ కోడళ్ల తప్పులు ఎంచుతుంది. సోంపు నమిలే అత్త మన చుట్టాల్లో ఎవరో నీకు తెలియదా? లింగమూర్తి భార్య ఆ చోటు రాగానే నా నోటి వంక చూసి నవ్వింది. మర్యాదగా జవాబు రాయి.

ఇంట్లో శుభవార్త. రవికి సంబంధం కుదిరింది. పిల్ల పేరు హర్షిణి, కోరుట్ల వాళ్లు. మంచిర్యాలలో ఒక దవాఖానాలో నర్సు. పిల్లకు చురుకెక్కువ, రవికి తక్కువ, సరిపోతుంది. తల్లి బీడీలు చేస్తుంది, నోట్లో మాట లేని మనిషి. తండ్రే అన్నీ మాట్లాడాడు. ఏప్రిల్‌లో ముహూర్తం. నువ్వు వారం ముందే వచ్చి నాకు చేదోడుగా ఉండాలి.

నవల గురించి నా మాట అడిగావు. ఇప్పుడే చెప్పను. ఇంకోసారి చదవాలి. ఒక చోట నాకేదో గుచ్చుకున్నది, అదేమిటో తేలలేదు.

ఆశీస్సులతో, సోంపు మానని
శంకరవ్వ అత్త

*

సిరిసిల్ల,
22 ఫిబ్రవరి 2025

అత్తా,

ఒట్టు పెట్టి చెప్తున్నాను, సోంపు అత్త నువ్వు కాదు. నేను క్లర్కుగా చేస్తున్న బడిలో హెడ్మాస్టరు తల్లి రోజూ వచ్చి ఆఫీసు గదిలో కూర్చుంటుంది. ఆమె సోంపు డబ్బా నా బల్ల మీదే ఉంటుంది. నీకు గుచ్చుకున్నది ఇదే అయితే, ఆ ముల్లు తీసెయ్.

రవి బావకు పెళ్లి కుదిరినందుకు సంతోషం. ఆ అమ్మాయి చురుకైతే ఇంకా సంతోషం.

ఇక్కడ కథ వేరే దారి పట్టింది. అవ్వ కండెలు చుట్టేది, బాపు సాంచాలు నడిపేది భానుప్రసాద్ ఆసామి షెడ్డులో కదా. ఆయన కొడుకు పెళ్లి పోయినేడు అయింది. నా నవలలో ఇల్లు తన ఇల్లేనని ఆయనకు ఎవరో చెప్పారు. నేను ఆ పెళ్లికి పోలేదు, ఆ గడప ఏ కర్రతో చేశారో కూడా నాకు తెలియదు. కాని షెడ్డులో కుర్రాళ్లు చాయ్ తాగేటప్పుడు “అవ్వ పేరేంది, అవ్వ పేరేంది” అని ఒకరినొకరు అడిగి నవ్వుతున్నారట. వాళ్లంతా ఫోనుల్లో చదివారు. ప్రేమ కథ కోసం కాదు, కూలి గొడవ కోసం. నాకు అదీ ముద్దే.

మొన్న ఆదివారం భానుప్రసాద్ మా ఇంటికి వచ్చాడు. బాపు కుర్చీ వేశాడు. కూర్చోలేదు. “లక్ష్మీరాజం, నీ బిడ్డ నా ఇంటి గడపను బజార్ల పెట్టింది. నా కోడలు బయటికి పోతె పోరగాండ్లు నవ్వుతుండ్రు. నీ భార్యకు ఇరవై రెండేండ్ల సంది పనిచ్చినం, గిదేనా ఫలితం” అన్నాడు. నేను లోపలి నుంచి వచ్చి, “సార్, ఆమె పేరేంది?” అని అడిగాను.

ఆయన నా వంక చూడలేదు. బాపునే చూస్తూ, “గీ పొగరే జర తగ్గించుకొమ్మంటున్న” అన్నాడు. నిజంగానే ఆయనకు తెలియదు అత్తా. ఆమె ఆ తలుపు చాటునే నిలబడి ఉంది, పేరు రాజక్క, ఇరవై రెండేళ్ల నుంచి ఆయన సాంచాలకు కండె అందిస్తున్నది ఆమే. ఆయన పోయాక అవ్వ నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. “నోరు మూసుకొని ఉండరాదు? ఆయనకు నా పేరెందుకు, పని జేస్తె సాలదా” అని ఏడ్చింది.

చివరి అధ్యాయం మార్చాలని, భూమిక ఆ ఇంట్లోకి నవ్వుకుంటూ పోవాలని ఆసామి మాట. యాప్‌లోనూ, పుస్తకంలోనూ. బాపు కూడా “ఒక్క పేజీయే గద బిడ్డా” అంటున్నాడు. ఆ ఒక్క పేజీ కోసమే మిగతా పేజీలన్నీ రాశానని ఎవరికి చెప్పను? ముద్దులూ గొడుగులూ ఎవరైనా రాస్తారు.

నేను లొంగను. నువ్వు నా వైపే ఉంటావని తెలుసు. అయినా ఒక్క మాట రాయి.

నీ
మమత

*

మందమర్రి,
16 మార్చి 2025

మమతా,

నిన్ను తిడదామనే కూర్చున్నాను. కాబట్టి ముందే నీళ్లు తాగి చదువు.

నవల రెండోసారి చదివాను. నాకు గుచ్చుకున్నది సోంపు కాదు, గడప. నా పెళ్లయిన రోజు మా ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేరు చెప్పమన్నారు. ‘సారయ్య’ అని చెప్పి లోపలికి వచ్చాను. మీ మామ ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ‘ఇగో’ అంటాడు, నేను పలుకుతాను. నాకేం తక్కువైంది? అది ఆట బిడ్డా. కొత్త పిల్ల సిగ్గు పోవాలని, నలుగురు నవ్వాలని పెట్టిన ఆట. నీ భూమిక ఆ ఆటలోకి కూలి గొడవ తెచ్చి అందరి ముఖాలూ మాడ్చింది. తల్లి మీద ప్రేమ ఉంటే ఇంకో రోజు అడగవచ్చు. పెళ్లిరోజే అడగాలా?

పైగా మా అన్న ఒళ్లు ఇప్పుడే కొంచెం కోలుకున్నది. ఈ వయసులో ఆయనను ఇంకో షెడ్డు వెతుక్కోమంటావా? ఓంప్రకాశ్ చెప్పినట్టు ఆ పిల్లను లోపలికి పంపు. కుడికాలు పెట్టించు. ఒక పేజీ మారిస్తే నీ చెయ్యేం అరగదు.

ఇంకొక మాట, అడగకపోతే నాకు నిద్ర పట్టదు. రవికి నిన్ను చేసుకోలేదన్న కక్షతో ఇదంతా రాశావని మనవాళ్లలో ఎవరో అన్నారు. నేను నమ్మలేదు. అయినా మేనరికం ఉన్న ఇల్లు కాబట్టి అడుగుతున్నాను.

వియ్యాలవారు కొత్తవాళ్లు. పెళ్లయ్యేదాకా ఆ నవల నా గడప తొక్కకూడదు. ఎవరి నోటా దాని మాట రాకూడదు. లైనులో అందరికీ చెప్పేశాను. నీకూ చెప్తున్నాను.

ముహూర్తం ఏప్రిల్ ఇరవై. పెళ్లి మంచిర్యాలలో హాలులో. కార్డులు నేనే దగ్గరుండి అచ్చు వేయించాను, అన్నకు అందే ఉంటాయి.

నీ మంచి కోరే
అత్త

*

సిరిసిల్ల,
6 ఏప్రిల్ 2025

అత్తకు,

నీళ్లు తాగే చదివాను. అయినా నీ ఉత్తరం మింగుడు పడలేదు.

రవి బావను చేసుకోవాలని నేను కలలో కూడా అనుకోలేదు. చిన్నప్పుడు నా జడకు తారు పూసి, మీ అందరి ముందు నేనే పూసుకున్నానని చెప్పినవాడు. వాడు ఎవరిని చేసుకున్నా ఆ పిల్ల మీద నాకు జాలే తప్ప కక్ష లేదు. ఒక ఆడపిల్ల కోపంగా నాలుగు పేజీలు రాస్తే, దాని వెనుక తప్పిపోయిన మొగుడు ఉంటాడని ఎందుకనుకుంటారు? ఆ మాట ఎవరో అన్నారని రాశావు. అడిగింది మాత్రం నువ్వే.

నవల నీ గడప తొక్కకూడదన్నావు. నేనూ నవలా వేరు వేరు కాదు. దానికి లేని చోటు నాకు వద్దు. పెళ్లికి బాపు, అవ్వ వస్తారు. నేను రాను.

ఇక నువ్వు సంతోషించే సంగతి. భానుప్రసాద్ పోయిన నెల అవ్వకు కండెలు ఇవ్వడం ఆపేశాడు. తర్వాత బాపు సాంచాలు వేరే వాళ్లకు ఇచ్చి, ఆయనను కొన్నాళ్లు ఇంట్లో కూర్చోమన్నాడు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున లేచి చొక్కా వేసుకొని, ఎక్కడికీ పోకుండా మళ్లీ విప్పేవాడు. అది చూడలేకపోయాను.

కొత్త చివరి అధ్యాయం రాసిచ్చాను. పొయ్యి మీద అన్నం ఉడికేంతలో అయిపోయింది. భూమిక ‘ప్రణయ్’ అన్నది. ఆడబిడ్డలు నవ్వారు. హారతి ఇచ్చారు. కుడికాలు పెట్టింది. తల్లి ఎక్కడుందో రాయలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఓంప్రకాశ్ చదివి, “ఇప్పుడు కడుపు నిండింది” అన్నాడు. మే నెలలో అచ్చవుతుంది. ఆసామికి ఆ కాగితం చూపించాక బాపుకు సాంచాలు తిరిగి ఇచ్చాడు. అవ్వకు కండెలు మాత్రం ఇంకా ఇవ్వలేదు.

మీ అందరి మాట నెగ్గింది. కాని ఆ పేజీ నేను రాశానని ఎవరైనా అంటే, వాళ్ల ముఖం మీదే కాదంటాను. నా చెయ్యి రాసింది, నేను రాయలేదు. నా భూమిక ఇంకా గడప మీదే ఉంది.

పెళ్లి బాగా జరగాలి. నీ కొత్త కోడలు పేరు చక్కగా చెప్పి లోపలికి రావాలని కోరుతూ,
మమతారాణి

*

మందమర్రి,
28 ఏప్రిల్ 2025

ఒసేయ్ మమతా,

నిన్ను పెళ్లికి రావద్దని ఎవరన్నారే? కాగితాలు తేవద్దన్నాను, నిన్ను కాదు. మండపంలో నిన్ను వెతికి వెతికి నా మెడ పట్టేసింది. నువ్వు రాకపోయేసరికి, రవి కోసం సిరిసిల్లలో కుమిలిపోతున్నావని లింగమూర్తి భార్య ఊరంతా చెప్పింది. నీ తల్లిదండ్రులు జరిగింది కొంత చెప్పే ఉంటారు. నేను మొత్తం రాస్తాను. మధ్యలో నవ్వకు.

మంచిర్యాలలో పెళ్లి బాగానే అయింది. అప్పగింతలయ్యాక పిల్లను తీసుకొని మందమర్రికి వచ్చాం. పిల్ల తల్లికి మనసొప్పక వాళ్ల మినీ బస్సులో వెంట వచ్చింది. కాని పిల్లనిచ్చినామె ఆ రోజు ఇంట్లోకి రాకూడదని మా లైను చివర బస్సులోనే ఉండిపోయింది. ఇటు మా దీపిక తమ్ముని పెళ్లని సంబరంగా చెల్లెళ్లను వెంటేసుకొని గడపకు అడ్డం నిలబడి, “పేరు జెప్పు, పేరు జెప్పు” అని మొదలుపెట్టింది.

హర్షిణి తల వంచుకొనే ఉంది. తర్వాత తలెత్తి ఏదో అన్నది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నాకు వినబడలేదు కదా, ఏమన్నదని దీపికను అడిగాను. అది నా చెవి దగ్గర నోరు పెట్టి, లైనంతా వినేలా అరిచింది: “పేరు జెప్తదట. ముందుగాల నిన్ను వాళ్లవ్వ పేరు జెప్పుమంటుంది.”

నేను నోరు తెరిచాను. నోట్లో పేరు లేదు. నిశ్చయానికి ఆమె పక్కన కూర్చున్నాను. బట్టలు కొనడానికి ఒకే ఆటోలో పోయాం. ‘వియ్యపురాలా’ అని పిలిచి ఆమె చేతి చాయ్ తాగాను. పెళ్లి కార్డు గుర్తుచేసుకున్నాను. దాని మీద ‘శ్రీమతి, శ్రీ మల్లేశం గారి కుమార్తె’ అని ఉంది. అచ్చు వేయించింది నేనే. మీ మామ వంక చూస్తే ఆయన మబ్బు పట్టిందా అన్నట్టు పైకి చూస్తున్నాడు. రవి బాసింగం కట్టుకొని స్తంభం లెక్క నిలబడ్డాడు. నీ నవల నా గడప తొక్కకూడదని రాశాను. అది నా కోడలు నోట్లో కూర్చొని వచ్చింది. ఈ పిల్ల డ్యూటీలో తీరిక దొరికినప్పుడల్లా ఫోనులో నీ నవలే చదివేదట. నువ్వు మాకు చుట్టమని పాపం దానికి తెలియనే తెలియదు.

అప్పుడు కుమార్ తల్లి జనంలోంచి, “శంకరవ్వా, నడువు ఇగ. కథల గా పిలగాడన్న పోయిండు” అని అరిచింది. ఆ మాట మాత్రం నాకు చక్కగా వినబడింది.

పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకొని లైను చివర దాకా నడిచాను. రెండు వైపులా అందరూ అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. నేను వస్తున్నది చూసి ఆమె బస్సు దిగి, చేతులు రెండూ జోడించింది. “మా పోరి తప్పేమన్న జేసిందా వదినా? చిన్న పిల్ల, మాఫ్ జేయుండ్రి” అన్నది. నీ పేరేమిటని అడిగాను. “మల్లేశం భార్యను” అన్నది. “ఆయన పేరు గాదు, నీది” అన్నాను. ఆమె బస్సు వంక చూసింది, నా వంక చూసింది. ఇదేదో పరీక్ష అనుకున్నట్టుంది. మెల్లగా “నర్సవ్వ” అన్నది. నేను శంకరవ్వనని చెప్పాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ లైనులో ఉంటున్నాను మమతా, నా పేరు నేను అంత గట్టిగా చెప్పుకోవడం అదే మొదలు.

చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. రానంటే వినలేదు. గడప దగ్గర, “దీని తల్లి పేరు నర్సవ్వ, అందరు ఇన్నరా” అన్నాను. అప్పుడు హర్షిణి, “మీ తమ్ముని పేరు రవి” అని చెప్పి, తల్లిని వెంటబెట్టుకొని లోపలికి వచ్చింది. పిల్లనిచ్చినామె రాకూడదన్న ఆచారం ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. మీ మామ గొణిగాడు. నాకు వినబడదు కదా, ఊరుకున్నాను.

నాకు చాలా కోపం వచ్చింది. ముందు నీ మీద. తర్వాత హర్షిణి మీద. రెండు రోజులు దానితో సరిగా మాట్లాడలేదు. మూడో రోజుకు తేలింది, అది అడిగిన దాంట్లో తప్పేమీ లేదని, చెప్పలేకపోయిందే నేనని. ఆట అని నీకు రాశాను కదా. ఆటలో ఎప్పుడూ ఒక వైపే చెప్పాలి, ఇంకో వైపు అడగాలి. అలాంటిది ఆటెలా అవుతుంది?

ఇప్పుడు నా మాట విను. నీకు తప్పు సలహా ఇచ్చాను. ఆ పాత చివరి అధ్యాయం మార్చవద్దు. ఓంప్రకాశ్ దగ్గరికి పోయి కొత్త కాగితాలు చించిపారెయ్. ఆయన కడుపు నిండకపోతే నా దగ్గరికి పంపు, నేను వడ్డిస్తాను. సుజాత, అదే లింగమూర్తి భార్య, కుమార్ తల్లి ఎల్లవ్వ కూడా ఇదే మాటంటున్నారు. ఇద్దరికీ మళ్లీ మాటలు కలిశాయి.

ఒక్క చోట మాత్రం దిద్దు. పేరు అడగడానికి ప్రణయ్ పోయాడని రాశావు. అది అబద్ధం. వాడు పోడు. స్తంభం లెక్క నిలబడతాడు, నేను చూశాను. వాడి తల్లిని పంపు. అప్పుడు నమ్మేటట్టు ఉంటుంది.

రవి సంగతి అడిగినందుకు తప్పయింది. వచ్చే నెల వచ్చి నాలుగు రోజులుండు. హర్షిణి నిన్ను చూడాలంటున్నది.

శంకరవ్వ

*

సిరిసిల్ల,
12 మే 2025

శంకరవ్వ అత్తకు,

నవ్వవద్దన్నావు, నవ్వాను. తర్వాత ఏడ్చాను కూడా. నువ్వు రావద్దన్నావని అనుకోవడం నా తొందరపాటు. ఆ గడప ముందు నేను లేకపోయానే అని ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం కంటే ముందే బాపు మారిపోయి వచ్చాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే, “ఆ పాత పేజీ ఉన్నదా బిడ్డా, ఆ కరీంనగరాయన పారేసిండా” అని అడిగాడు. సాంచాలు పోతాయి బాపూ అన్నాను. “ఆయనకొక్కనికేనా సాంచాలున్నయి? ఏం ఫికర్ జెయ్యకు” అన్నాడు. ఆ రాత్రి దగ్గుతూనే ఉన్నాడు, ఫికర్ లేకుండా కాదు.

ఓంప్రకాశ్ దగ్గరికి పోయాను. అప్పటికే కొత్త అధ్యాయం అచ్చుకు కూర్చి పెట్టాడు. పాతదే వేయాలన్నాను. “పాఠకులు తిడుతరమ్మా” అన్నాడు. తిట్టినా చివరిదాకా చదివారు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నా కాగితాలు నేను తెచ్చుకున్నాను. ఇక్కడే చీరల లేబుళ్లు అచ్చేసే ప్రెస్సులో వేయిస్తున్నాను. కొన్ని కాపీలే వస్తాయి, అట్ట కూడా అంత బాగుండదు. భానుప్రసాద్‌కు ఈ సంగతి తెలిసిన రోజే బాపు సాంచాలు పోయాయి. ఇప్పుడు ఊరి అవతలి షెడ్డులో రాత్రి పని, కూలి కొంత తక్కువ. అవ్వకూ అక్కడే కండెలు దొరికాయి. కష్టంగా ఉంది అత్తా, లేదని రాయను. కాని బాపు చొక్కా వేసుకొని మళ్లీ విప్పడం లేదు.

నువ్వు దిద్దమన్న చోటు గురించి. దిద్దను. నీ మీద ఎంత ప్రేమ ఉన్నా ఇది మాత్రం వినను. ప్రణయే పోవాలి. రవి బావ స్తంభం లెక్క నిలబడ్డాడని రాశావు. సారయ్య మామ మబ్బులు చూశాడని రాశావు. ఆఖరికి అక్కడ కూడా నువ్వే నడవాల్సి వచ్చింది. ఇంతకాలం జరిగింది అదే కదా, దాన్నే మళ్లీ రాయడానికి నేనెందుకు? నమ్మేటట్టు లేకపోతే లేకపోనీ. చదివి ఏ ఒక్కడికైనా కాళ్లు దురద పెట్టాలి. సుజాతకూ ఎల్లవ్వకూ ఈ మాట చెప్పు. ఎల్లవ్వ చీపురు పట్టుకొని వచ్చినా మార్చను.

పుస్తకం మొదటి పేజీలో ‘రాజక్క కూతురు మమతారాణి’ అని వేయిస్తున్నానని నిన్న అవ్వకు చెప్పాను. కండె చుడుతున్న చెయ్యి ఆగింది.

“నా పేరెందుకే. అందరికి ఎరుకైతది” అన్నది.

ఎరుక కావాలనే, అన్నాను.

మమతారాణి